వాచీ పట్టీలు, చైన్లు: అమీర్‌పేట, పంజాగుట్ట

వాచీతో పాటు కంపెనీ ఇచ్చిన పట్టీ తెగినప్పుడో, చైను వదులైనప్పుడో, ఉన్నది నచ్చనప్పుడో విడిగా కొని వేయించుకునే తోలు, రబ్బరు, నైలాను, లోహపు పట్టీల గురించి ఈ వ్యాసం. హైదరాబాదు దుకాణాల్లో వీటికి వాడుక పేర్లు వేరు. తోలుదైనా రెక్సిన్‌దైనా ‘బెల్టు’, స్టీలుదైతే ‘చైను’, స్మార్ట్ వాచీదైతే ‘స్ట్రాప్’. దక్కనీ మాట్లాడే పనివాళ్లు ‘పట్టా’ అంటారు. అంతర్జాతీయ సరుకుల వర్గీకరణలో వీటికి 9113 అనే విడి సంఖ్య ఉంది. వాచీకి ఒక సంఖ్య, దాని పట్టీకి ఇంకో సంఖ్య ఉన్నాయంటే పట్టీ దానంతటది ఒక వ్యాపార వస్తువని అర్థం.

వాచీ కంపెనీల వారంటీలో సాధారణంగా పట్టీ, అద్దం, సెల్ ఉండవు. లోపలి యంత్రం పాతికేళ్లు నడుస్తుంది. తోలు బెల్టు మన ఎండల్లో రోజూ వాడితే ఏడాది, మహా అయితే రెండేళ్లు. అంటే బాగా చూసుకున్న వాచీ దాని జీవితంలో పన్నెండు నుంచి పాతిక దాకా పట్టీలు మారుస్తుంది. ఎన్నో మంచి వాచీలు యంత్రం చెడి కాదు, బెల్టు తెగిన రోజున బీరువా సొరుగులోకి వెళ్లి అక్కడే ఉండిపోతాయి. సరైన పట్టీ, దాన్ని వాచీకి పట్టి ఉంచే సరైన పిన్ను దొరికితే అవి మళ్లీ చేతికొస్తాయి.

అమీర్‌పేట, పంజాగుట్టే ఎందుకు

నగరంలో వాచీల వ్యాపారానికి పాత చిరునామాలు పత్తర్‌గట్టీ, ఆబిడ్స్, సికింద్రాబాద్. అమీర్‌పేట ఆ తరువాతి తరం. మైత్రీవనం భవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు, హాస్టళ్ల కింద టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, ఫుట్‌పాత్ మీద బ్యాగులు, బెల్టులు, సెల్ కవర్లు, వాచీలు. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూకి వెళ్లే ముందు షర్టు ఇస్త్రీ చేయించుకుని, వాచీకి కొత్త బెల్టు వేయించుకునే చోటు ఇది. 2017 నవంబరు 28న మెట్రో రైలు ప్రారంభమయ్యాక ఈ కూడలికి రద్దీ ఇంకా పెరిగింది. మియాపూర్ – ఎల్బీనగర్ ఎర్ర మార్గం, నాగోల్ – రాయదుర్గం నీలి మార్గం అమీర్‌పేట స్టేషన్‌లోనే కలుస్తాయి. రైలు మారేవాడు కిందికి దిగి పది నిమిషాల్లో బెల్టు మార్పించుకుని మళ్లీ పైకెక్కవచ్చు. సత్యం థియేటర్ ఉన్నచోట 2023లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది కానీ, అటువైపు దారి అడిగితే పాతవాళ్లు ఇప్పటికీ ‘సత్యం థియేటర్ దగ్గర’ అనే చెబుతారు.

తరువాతి స్టేషన్ పంజాగుట్ట. ఇక్కడి ధోరణి వేరు. సోమాజిగూడ దాకా నగల దుకాణాలు, ఏసీ షోరూములు, మాల్స్. పెళ్లి బట్టలు, బంగారం కొనడానికి వచ్చిన కుటుంబాలే పెళ్లికొడుక్కి పెట్టే వాచీ కూడా కొంటాయి. ఆ వాచీ చాలాసార్లు బంగారు రంగు చైనుదే. కొన్నది మామగారు, తొడుక్కునేది అల్లుడు. కొలత కుదరదు. అందుకే పెళ్లిళ్ల సీజన్‌లో లింకులు తీయించే పని మెకానిక్‌లకు ఎక్కువ. షోరూములో కొన్న వాచీకి అక్కడే లింకులు తీసి ఇస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పించినవన్నీ మాత్రం అమీర్‌పేట వాచీ బంకుల దగ్గరికే చేరతాయి.

వాచీకి ఈ ప్రాంతంతో ఇంకో పాత చుట్టరికమూ ఉంది. అమీర్‌పేటకు కూతవేటు దూరంలోని సనత్‌నగర్ హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ గడ్డ. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధితో మొదలైన ఈ సంస్థ బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు తయారుచేసి, 1980ల్లో జపాన్ సీకో సాంకేతిక సహకారంతో చేతి వాచీలూ చేసింది. ఆల్విన్ వాచీ కట్టుకుని ఉద్యోగంలో చేరిన తరం ఇప్పుడు రిటైరైంది. అవి ఇప్పటికీ బెల్టు కోసం వస్తుంటాయి. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ సంగతీ అంతే. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపాక జనతా, పైలట్, కోహినూర్ మోడళ్ల మీద మోజు పెరిగింది. తాత వాచీని మనవడు బయటికి తీసి, ‘కీ ఇస్తే నడుస్తోంది, బెల్టే లేదు’ అంటూ తెస్తున్నాడు.

కొలత

పట్టీ కొనడంలో ముందు తెలియాల్సింది ఒకే ఒక్క సంఖ్య. వాచీకి పైన, కింద పట్టీని పట్టుకునే రెండేసి కొమ్ములు ఉంటాయి. ఆ రెండు కొమ్ముల నడుమ లోపలి దూరం ఎన్ని మిల్లీమీటర్లో అదే పట్టీ వెడల్పు. డయల్ పెద్దదా చిన్నదా అన్నది లెక్కలోకి రాదు. ఆడవాళ్ల వాచీలకు 12, 14, 16 మి.మీ., పాత మగవాళ్ల వాచీలకు చాలావరకు 18, ఇప్పటివాటికి 20, 22, ఇంకా భారీవాటికి 24. సరిసంఖ్యలే ఎక్కువగా దొరుకుతాయి. చిక్కు 19, 21 దగ్గర వస్తుంది. 19 ఉన్నచోట 20 తోలు బెల్టును నొక్కి దూర్చవచ్చు. అంచులు ముడుచుకుంటాయి కానీ నిలుస్తుంది. 18 వేస్తే సందులో పిన్ను కనబడుతూ, పట్టీ అటూ ఇటూ జరుగుతూ, చివరికి పిన్ను అరిగిపోతుంది. చైను విషయంలో ఈ సర్దుబాటు కుదరదు. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా వద్దనుకోవడమే మంచిది.

ఇంట్లో స్కేలుతో కొలిచి, సంఖ్య రాసుకుని వెళ్లడం కన్నా వాచీనే జేబులో వేసుకుని వెళ్లాలి. బంకు దగ్గర కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ‘అన్నా, బెల్టు మార్చాలె’ అనగానే ఆయన వాచీని తిరగేసి, బొటనవేలి గోరును కొమ్ముల మధ్య పెట్టి, ఏ పరికరమూ తీయకుండానే ‘ఇరవై’ అంటాడు. అనుమానం వస్తే అద్దాల డబ్బాలోంచి ఒక పాత పట్టీ ముక్క తీసి అందులో ఆనించి చూస్తాడు. వేల వాచీలు పట్టుకున్న చేతికి అబ్బిన కొలత అది.

వెడల్పు తరువాత పొడవు. తోలు బెల్టులో బకిల్ ఉన్న చిన్న ముక్క సుమారు 75 మి.మీ., బెజ్జాలున్న పెద్ద ముక్క 115 నుంచి 125 మి.మీ. ఉంటాయి. సన్నని మణికట్టుకు పొడవు బెల్టు వేస్తే కొస బయటికి వేలాడుతుంది, కొత్త బెజ్జం పొడిపించినా అందం రాదు. బకిల్ ముక్క పన్నెండు అంకె వైపు, బెజ్జాల ముక్క ఆరు అంకె వైపు రావాలి. హడావిడిలో తలకిందులుగా వేసిన బెల్టులు కనబడుతూనే ఉంటాయి.

పైన చెప్పిన లెక్క అందనివి కొన్ని ఉన్నాయి. కేసులోనే కలిసిపోయినట్టుండే చైన్ల వాచీలు, 1983లో వచ్చిన క్యాషియో జీ-షాక్ రకాలు, అదే కంపెనీ కొన్ని డిజిటల్ వాచీలు, గాటు పెట్టిన బెల్టులున్న కొన్ని ఫాస్ట్‌ట్రాక్ మోడళ్లు దేని పట్టీ దానిదే. బజారు పట్టీని కోసి దూర్చడం కన్నా మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లడమే దారి. వాచీ వెనక మూత మీద చిన్న అక్షరాల్లో ఆ నంబరు చెక్కి ఉంటుంది.

తోలు, దాని వేషాలు

తోలు బెల్టు వెనక ‘జెన్యూన్ లెదర్’ అని అచ్చు వేసి ఉంటే సంతోషపడాల్సిన పని లేదు. తోలును పొరలుగా చీల్చుతారు. పైపొర గట్టిది, రంధ్రాలు కనబడేది, వాడేకొద్దీ నునుపెక్కేది. కింది పొర మీద రంగు, ప్లాస్టిక్ పూత వేసి అమ్మినా అదీ తోలే కనుక ఆ అచ్చులో అబద్ధం లేదు. మన్నిక మాత్రం ఉండదు. చూడాల్సింది అంచు. పక్కనుంచి చూస్తే పోగులు కనబడితే తోలు, స్పాంజి మీద రేకులా పొర ఉంటే రెక్సిన్. వేళ్ల మధ్య గట్టిగా వంచితే రెక్సిన్ మీద సన్నని గీతలు పడతాయి. మంచి తోలు రంగు కాస్త మారి మళ్లీ మామూలవుతుంది.

మొసలి తోలులా గళ్లు కనబడే బెల్టులు బజారులో ఎన్నో. అవి దాదాపు అన్నీ ఆవు, గేదె, దూడ తోలు మీద అచ్చు ఒత్తినవే. మన నదుల్లోని మగర మొసలికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఫుట్‌పాత్ మీద ‘అసలు మొసలి తోలు’ అన్న మాటను నమ్మనక్కర్లేదు. అది మన మొసలిదైతే నేరం, అచ్చు ఒత్తినదైతే మోసం.

తోలును పదును చేసే విద్యలో మన నేలది పెద్ద చెయ్యి. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు ఉంది కదా, దాని బెరడులోని వగరు పదార్థం తోలును కుళ్లనివ్వదు. తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో తోళ్లు ఊరబెట్టడం దక్షిణాది ఊళ్లలో తరాలుగా సాగిన పని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చొరవతో క్రోమియం లవణాల పద్ధతి వచ్చాక తోలు పదును చేసే పని వేగం పుంజుకుంది. క్రోమ్ తోలు మెత్తగా ఉండి నీటికి తట్టుకుంటుంది. చెక్క పదును తోలు మొదట గట్టిగా ఉండి, చెమటకు, నూనెకు రంగు ముదిరి చేతికి తగ్గట్టు ఒదుగుతుంది. బతుకమ్మలో పేర్చే పువ్వు చెట్టే వాచీ బెల్టుకూ ఆధారమైందన్న సంగతి మన పిల్లలకు చెప్పదగింది.

హైదరాబాదు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాలు తోలుకు గడ్డు రోజులు. చెమటలోని ఉప్పు కుట్టుదారాన్ని, లోపలి పొరను తినేస్తుంది. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో ఇంకా త్వరగా. తోలు బెల్టు ఇష్టపడేవారు ఏప్రిల్ నుంచి వానలు తగ్గేదాకా రబ్బరో నైలానో వేసుకుని, తోలును చలికాలానికి దాచుకోవడం ఉత్తమం. పది నిమిషాల పని కనుక ఏడాదికి రెండుసార్లు మార్పించుకోవడం భారం కాదు.

రబ్బరు, నైలాను

స్మార్ట్ వాచీలు వచ్చాక సిలికాన్ పట్టీ రాజ్యమేలుతోంది. మెత్తన, చవక, సబ్బుతో కడగవచ్చు. దుమ్మును, వెంట్రుకలను అంటించుకోవడం, కొన్నాళ్లకు చిరగడం దాని లోపాలు. ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ రబ్బరు ఖరీదు ఎక్కువ, చెమటకు, నూనెకు, ఎండకు చెక్కుచెదరదు. నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ వంటి దేశీయ స్మార్ట్ వాచీలకు ఎక్కువగా 20 లేదా 22 మి.మీ. మామూలు పట్టీలు సరిపోతాయి. యాపిల్ వాచీ పట్టీ పక్కనుంచి గాడిలోకి జారేది. 38, 40, 41 మి.మీ. వాచీలది ఒక జట్టు, 42, 44, 45, 49 మరో జట్టు. అయితే 2024లో వచ్చిన సిరీస్ 10లో 42 మి.మీ. వాచీకి చిన్న జట్టు పట్టీ పడుతుంది. అమ్మేవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు.

నైలాను పట్టీల్లో ‘నాటో’ రకం చెప్పుకోదగింది. 1973లో బ్రిటిష్ రక్షణ శాఖ నిర్దేశించిన 20 మి.మీ. బూడిదరంగు పట్టీ నుంచి ఈ పేరు, ఈ తీరు వచ్చాయి. రెండు ముక్కలుగా కాక ఒకే పొడవాటి పట్టీ వాచీ కిందుగా రెండు పిన్నుల గుండా సాగుతుంది. ఒక పిన్ను విరిగినా రెండోది వాచీని పట్టుకునే ఉంటుంది. ట్రాఫిక్‌లో బండి మీద తిరిగేవారికి, తాత వాచీ పోగొట్టుకోకూడదనుకునేవారికి నా సలహా ఇదే.

చైను

చైన్లలో తేడా బరువులోనే తెలిసిపోతుంది. రేకును మడిచి చేసిన లింకుల చైను తేలిగ్గా, గలగలలాడుతూ ఉంటుంది. ఘనమైన లింకులది బరువుగా, నిశ్శబ్దంగా చేతిలోకి జారుతుంది. స్టీలులో 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 నుంచి 10 శాతం నికెల్ ఉంటాయి. 316ఎల్ రకంలో 2, 3 శాతం మాలిబ్డినం కలుపుతారు, అది చెమట ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది. చవక చైన్లు నాసిరకం లోహం మీద పూతతో వస్తాయి. పూత పోయినచోట నికెల్ ఒంటికి తగిలి కొందరికి దద్దుర్లు, దురద మొదలవుతాయి. యూరప్‌లో ఒంటికి ఆనుకుని ఉండే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ వెలువడకూడదని నియమం ఉంది. వాచీ తీసినచోట ఎర్రగా మచ్చ కనబడితే చైను మార్చాలి, మచ్చ తగ్గకపోతే చర్మ వైద్యుణ్ని చూడాలి.

రోలెక్స్ 1945లో తెచ్చిన అయిదు వరుసల జూబిలీ, మూడు వరుసల ఆయిస్టర్, వలలా అల్లిన మిలనీస్ – బజారులోని చైన్లలో ఎక్కువ భాగం ఈ మూడింటి నకళ్లే. ఆకారాన్ని అనుకరించడం వేరు, పేరును వేయడం వేరు. వందల రూపాయల చైను లాక్ మీద పెద్ద కంపెనీ గుర్తు ఉంటే అది దొంగ గుర్తే. గుర్తు లేని శుభ్రమైన చైను దానికన్నా నిజాయితీగల వస్తువు. 1959లో అమెరికాలో స్పైడెల్ కంపెనీ తెచ్చిన సాగే చైను మన తాతలకు బాగా తెలుసు. చేతి వెంట్రుకలు పీకినా లాక్ బాధ లేదని వృద్ధులు ఇప్పటికీ అదే అడుగుతారు.

లింకులు తీసే పని దగ్గర నిలబడి చూడాలి. చైను లోపలివైపు కొన్ని లింకుల మీద చిన్న బాణం గుర్తులుంటాయి. పిన్నును బాణం చూపే వైపు కొట్టి తీయాలి, ఎదురు వైపు నుంచి తిరిగి ఎక్కించాలి. మెకానిక్ చైనును గాట్లున్న చిన్న దిమ్మలో నిలబెట్టి, సన్నని ములుకు ఆనించి, బుల్లి సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. టిక్, టిక్. పిన్ను కొస బయటికి రాగానే పట్టకారుతో లాగి మూత మీద పెట్టుకుంటాడు. కొన్ని జపాన్ వాచీల్లో పిన్నుతో పాటు ఆవగింజంత గొట్టం ముక్క ఉంటుంది. అది కింద పడితే వెతకడం దుర్లభం, అది లేకుండా బిగిస్తే పిన్ను వారంలో జారిపోతుంది. మంచి మెకానిక్ ముందుగా తెల్లగుడ్డ పరుస్తాడు. రెండు వైపులా సమానంగా లింకులు తీసి లాక్ మణికట్టు నడుమకు వచ్చేలా చూస్తాడు. బేసి లింకు వస్తే ఆరు అంకె వైపు నుంచి తీస్తాడు. చైనుకూ చేతికీ నడుమ చిటికెన వేలు దూరాలి. మధ్యాహ్నం ఎండలో చేయి కాస్త ఉబ్బుతుంది కాబట్టి పొద్దున్నే బిగుతుగా కొలిపించుకుంటే ఇబ్బంది.

తీసిన లింకులను, పిన్నులను అడిగి తీసుకోవాలి. లావు పెరిగినప్పుడు, కొడుక్కి ఇచ్చినప్పుడు అవే అక్కరకొస్తాయి. ఆ మోడల్ ఆగిపోయాక విడి లింకు దొరకదు.

పిన్ను

పట్టీకి ఖర్చుపెట్టే శ్రద్ధ ఎవరూ పిన్నుకు పెట్టరు. రెండు కొసలూ లోపలికి నొక్కుకునే స్ప్రింగు పిన్ను ఇది. కొమ్ముల లోపలి చిన్న గుంటల్లో కూర్చుని వాచీ బరువంతా మోస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి చేతి వాచీల్లో కొమ్ములకు తీగ అతికించి ఉండేది, పట్టీ మార్చాలంటే చాలాసార్లు కుట్టు విప్పాల్సివచ్చేది. స్ప్రింగు పిన్ను వచ్చాకే పట్టీ మార్పిడి నిమిషాల పని అయింది. మామూలు పిన్ను లావు 1.5 మి.మీ., గట్టివి 1.8, ఈత వాచీలకు 2.5 దాకా ఉంటాయి. చెమటకు తుప్పుపట్టి, లోపలి స్ప్రింగు బలం పోయి, కొస అరిగిన పిన్ను పైకి బాగానే కనబడుతుంది. ఒకరోజు బస్సు రాడ్డు పట్టుకున్నప్పుడు వాచీ జారి రోడ్డు మీద పడుతుంది. కింద పడి అద్దం పగిలిన వాచీల వెనక చాలాసార్లు ఉండేది పాత పిన్నే.

ఇప్పుడు వేలితో లాగితే ఊడివచ్చే మీట ఉన్న పిన్నుల పట్టీలు వస్తున్నాయి. ఇంట్లోనే మార్చుకోవచ్చు. తేలికపాటి వాచీలకు హాయి. బరువైన వాచీకి మామూలు లావు పిన్నునే నమ్ముతాను.

పనివాళ్లు

ఈ బజారు నడిచేది దుకాణాల వల్ల కాదు, మూడడుగుల అద్దాల డబ్బా ముందు కూర్చునే మెకానిక్ వల్ల. సెల్ మార్చడం, లింకులు తీయడం, బెల్టు వేయడం – ఇవే ఇప్పుడు వాళ్ల రోజువారీ. యంత్రం విప్పి కడిగి నూనె వేయగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. రోడ్డు వెడల్పులో, మెట్రో పనుల్లో, ఫుట్‌పాత్ ఖాళీ చేయించడంలో ముందు లేచిపోయేది వీళ్ల బల్లే. 2014 వీధి విక్రేతల చట్టం సర్వే పూర్తిచేసి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వీధి వ్యాపారులను తీసేయకూడదని చెబుతుంది. బెల్టు కొని, వేసే పనికి ఇచ్చే కొద్ది రూపాయల దగ్గర బేరమాడకపోవడం మన వంతు. ఆ పని చేసే చేతులు పోతే ఆన్‌లైన్‌లో వచ్చిన ఎంత మంచి పట్టీ అయినా కవర్లోనే ఉంటుంది.

అమీర్‌పేటలో వేయించుకున్నా, పంజాగుట్ట షోరూములో వేయించుకున్నా పాత పిన్నును తిరిగి వేయనివ్వకండి. కొత్త జత అడగండి. వేశాక వాచీని ఒక చేత్తో, పట్టీని ఇంకో చేత్తో పట్టుకుని అక్కడే ఒకసారి గట్టిగా లాగి చూసి, అప్పుడు చేతికి కట్టుకోండి.